ఇన్సులిన్ ప్యాకేజీకి మేము ముగ్గురం ఎందుకు చెయ్యి ఎత్తలేదు



పోయిన ఆదివారం మన సంఘం కమిటీ కూర్చున్నప్పుడు ఒక తీర్మానం వచ్చింది. ఈసారి ఉగాదితో పాటు ఆరోగ్య శిబిరం పెడదాం, ఒక ల్యాబు వాళ్ళు ‘ఇన్సులిన్ రెసిస్టెన్స్ ప్యాకేజీ’ ఇస్తామంటున్నారు, తలకు 1,800 రూపాయలు, సగం సభ్యుడు వేసుకుంటే సగం సంఘం వేస్తుంది, అని. సంఘం వేసే సగం ఎక్కడిదంటే పిల్లల చదువుల నిధిలోది. 150 మంది పరీక్ష చేయించుకుంటే 1,35,000 రూపాయలు. పదకొండు మందిలో ఎనిమిది చేతులు లేచాయి. మేము ముగ్గురం ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదో చెప్పేలోపలే ఆకులు వేసేశారు, సాంబారు ఆరిపోతుందని అందరూ లేచారు.

అందుకే ఇక్కడ రాస్తున్నాము. పెద్ద పోస్టే అవుతుంది. ఓపికగా చదవండి. మేము చదివింది తమిళ మీడియం, తెలుగు రాయడం రిటైరైన తరువాత మన సంఘం ఆదివారం క్లాసులో చిన్నపిల్లల బెంచీ మీద కూర్చుని నేర్చుకున్నాము. తప్పులు కనిపిస్తే ఫోను చేసి చెప్పండి, కోపగించుకోము.

ముందుగా ఒక మాట. షుగర్ పరీక్షలకు మేము విరోధులం కాము. మా ఇంట్లో దాని వల్ల ఒక ప్రాణం పోయింది. ఆ సంగతి చెప్పి తరువాత విషయానికి వస్తాము.

మా పెద్దన్న లోకో షెడ్డులో ఫిట్టరు. సన్నటి మనిషి, పెళ్ళినాటి ప్యాంటు యాభై ఏళ్ళకు కూడా పట్టేది. ప్రతిసారీ మెడికల్‌కు పోయి పరగడుపున రక్తం ఇచ్చేవాడు. 92, 95, 98, ఎప్పుడూ నూటికి లోపలే. ‘సన్నవాళ్ళకు షుగర్ ఎందుకు వస్తుంది, అది లావుపాటి వాళ్ళ జబ్బు’ అని వదినతో సహా ఇంటిల్లిపాదీ అనుకున్నాము. 57వ ఏట కొత్త చెప్పు కరిచి కాలివేలు మీద పుండు పడింది, నెల దాటినా మానలేదు. ఆ రోజు భోజనం తరువాత రక్తం చూస్తే 286. రెండు వేళ్ళు తీసేశారు. తరువాత కిడ్నీలు. 64కు పోయాడు. ఆసుపత్రి మంచం మీద మాతో అన్న మాట ఇప్పటికీ చెవుల్లోనే ఉంది: ‘ప్రతి పరీక్షా పాసయ్యాను కదరా.’

పాసైన మాట నిజమే. ఏ పరీక్ష పాసయ్యాడు అనేదే ప్రశ్న.

టికెట్ కౌంటరులో కూర్చున్నవాళ్ళకు ఒక సంగతి తెలుసు. డ్యూటీ దిగేటప్పుడు అమ్మిన టికెట్లకూ గల్లాలో ఉన్న డబ్బుకూ సరిపోవాలి. చిల్లర ఇవ్వడంలో పొరపాటు జరిగి నలభై రూపాయలు తగ్గిందనుకోండి, క్లర్కు జేబులోంచి నలభై తీసి వేస్తాడు. పుస్తకం శుభ్రంగా ఉంటుంది. మర్నాడు అరవై తగ్గుతుంది, మళ్ళీ వేస్తాడు. పై అధికారి వచ్చి ముగింపు లెక్క చూస్తే పైసా తేడా కనిపించదు. జేబు ఖాళీ అయిన రోజునే గల్లాలో షార్ట్ బయటపడుతుంది. డ్యూటీ ఎక్కేముందు జేబులో సొంత డబ్బు ఎంత ఉందో రిజిస్టరులో రాయాలని రైల్వేలో నియమం ఉంది. అది ఎక్కువ వసూలు చేసేవాళ్ళను పట్టుకోవడానికి పెట్టినదే. కానీ మాకు దాని వల్ల ఒకటి అర్థమయింది. గల్లా ఒక్కటే చూస్తే సగం కథే తెలుస్తుంది, జేబు కూడా చూడాలి.

ఒంట్లో కూడా ఇదే లెక్క. అన్నం తింటే అది గ్లూకోజుగా మారి రక్తంలోకి వస్తుంది. దాన్ని కండలు, కొవ్వు లోపలికి తీసుకోవాలి, లివరు తన దగ్గరి గ్లూకోజును బయటికి వదలడం ఆపాలి. ఈ రెండు పనులూ చేయించేది ఇన్సులిన్. ఒళ్ళు ఇన్సులిన్ మాట వింటే కొంచెంతోనే పని అయిపోతుంది. వినకపోతే పాంక్రియాస్ రెండింతలు, మూడింతలు పంపుతుంది. పంపగలిగినంత కాలం పరగడుపు షుగర్ మామూలుగానే ఉంటుంది. పరగడుపు షుగర్ అంటే గల్లా ముగింపు లెక్క. ఇన్సులిన్ అంటే జేబులోంచి వేసే డబ్బు. ఒళ్ళు ఎంత బాగా మాట వింటుందో దాన్నే డాక్టర్లు ఇన్సులిన్ సెన్సిటివిటీ అంటారు. వినకపోవడమే ఇన్సులిన్ రెసిస్టెన్స్.

అయితే ఆ ప్యాకేజీ జేబునే కదా చూస్తుంది, మంచిదే కదా అంటారు. మా అధ్యక్షులు అన్నగారు కూడా అదే అన్నారు. ఆయన మీద మాకు ఎంతో గౌరవం. కానీ ఈ కొలత ఎలా పుట్టింది, పరిశోధన చేసేవాళ్ళు దాన్ని ఎలా కొలుస్తారు అనేది తెలిస్తే శిబిరంలో అమ్మేది ఏమిటో అర్థమవుతుంది. మేము ఆరు నెలలుగా అన్న మీది దుఃఖంతో ఇదే చదువుతున్నాము.

ఇన్సులిన్‌ను కనిపెట్టింది 1921లో, కెనడాలోని టొరంటోలో. 1936లో లండన్‌లో హెరాల్డ్ హిమ్స్‌వర్త్ అనే డాక్టరు ఒక తేలికైన పని చేశాడు. షుగర్ రోగులకు గ్లూకోజు తాగించి, అదే సమయంలో ఇన్సులిన్ ఎక్కించాడు. కొందరిలో షుగర్ పెరగకుండా అక్కడే ఆగింది. కొందరిలో ఇన్సులిన్ ఇవ్వనట్టే పైకి పోయింది. అంటే షుగర్ జబ్బు ఒకటి కాదు, ఇన్సులిన్ లేనివాళ్ళు వేరు, ఇన్సులిన్ ఉన్నా దాని మాట ఒళ్ళు విననివాళ్ళు వేరు అని చెప్పాడు. ఆ రోజుల్లో రక్తంలో ఇన్సులిన్ ఎంత ఉందో నమ్మకంగా కొలిచే దారి లేదు. 1960 దగ్గర న్యూయార్కులో రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ అనే ఇద్దరు రేడియోధార్మిక గుర్తుతో కొలిచే పద్ధతి తెచ్చారు. పెద్ద వయసులో షుగర్ వచ్చిన చాలామందిలో ఇన్సులిన్ తక్కువ లేదు, కావలసినదానికంటే ఎక్కువే ఉంది అని అప్పుడు తేలింది. ఆ పనికి యాలోకు 1977లో నోబెల్ వచ్చింది. బెర్సన్ 1972లోనే చనిపోయాడు కాబట్టి ఆయనకు రాలేదు.

ఆ తరువాత 1979లో వచ్చింది అసలు కొలత. అమెరికాలో డిఫ్రాంజో, టోబిన్, ఆండ్రెస్ అనే ముగ్గురు రాశారు. దాన్ని క్లాంప్ అంటారు. క్లాంప్ అంటే పట్టు, బిగింపు. రక్తంలో షుగర్‌ను ఒకే చోట పట్టి ఉంచుతారు కాబట్టి ఆ పేరు.

మనిషి రాత్రంతా ఉపవాసం ఉండి పొద్దున వచ్చి మంచం మీద పడుకోవాలి. ఒక చేతి నరంలోకి ఇన్సులిన్ ఆగకుండా ఒకే వేగంతో ఎక్కిస్తారు. వట్టి ఇన్సులిన్ ఎక్కిస్తే షుగర్ పడిపోయి కళ్ళు తిరుగుతాయి కదా, అందుకని గ్లూకోజు కూడా ఎక్కిస్తారు. రెండో చేతిని వేడిగా ఉంచి అక్కడినుంచి ఐదు నిమిషాలకొకసారి కొంచెం రక్తం తీసి షుగర్ చూస్తారు. అది 90 దగ్గర నిలబడేలా గ్లూకోజు వేగాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటారు. ఇలా రెండు గంటలు. చివరి అరగంటలో ఎంత గ్లూకోజు ఎక్కించవలసి వచ్చిందో అదే జవాబు.

స్టేషను మీది నీళ్ళ ట్యాంకు అనుకోండి. కింద ఎన్ని కుళాయిలు తెరిచి ఉన్నాయో మనకు కనిపించదు. ట్యాంకులో నీటి మట్టం కదలకుండా పైనుంచి నీళ్ళు పోస్తూ ఉంటే, పోసిన నీళ్ళు ఎన్నో కింద పోయినవి అన్నే. ఒళ్ళు ఇన్సులిన్ మాట వినేదైతే గ్లూకోజు ఎంత పోసినా తీసేసుకుంటుంది. వినని ఒళ్ళయితే కొంచెం పోయగానే మట్టం పెరిగిపోతుంది. కిలో బరువుకు నిమిషానికి ఎన్ని మిల్లీగ్రాములు అని ఆ లెక్క రాస్తారు.

ఇంకా లోపలికి పోవాలంటే గుర్తుపెట్టిన గ్లూకోజు ఎక్కించి లివరు ఎంత వదులుతుందో, కండలు ఎంత తీసుకుంటున్నాయో విడదీస్తారు. తల మీద గాజులాంటి పారదర్శకమైన గూడు పెట్టి, పీల్చిన ఆక్సిజనూ వదిలిన కార్బన్ డయాక్సైడూ కొలుస్తారు. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 1 దగ్గర వస్తే ఒళ్ళు పిండి పదార్థం కాలుస్తోంది, 0.7 దగ్గర వస్తే కొవ్వు కాలుస్తోంది అని తెలుస్తుంది. ఊపిరి చూసి పొయ్యిలో ఏ కట్టె మండుతోందో చెప్పడం లాంటిది ఇది.

ఇదంతా షామియానా కింద అయ్యే పనా? ఒక మనిషికి ఒక పూట, ఒక డాక్టరు, ఒక నర్సు, పక్కనే మిషను కావాలి. అందుకే వందల మందినీ వేల మందినీ చూడాలన్నప్పుడు పరిశోధకులు అడ్డదారి వెతికారు. 1985లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు ‘హోమా’ అనే లెక్క ఇచ్చారు. పరగడుపు ఇన్సులిన్‌ను పరగడుపు షుగర్‌తో గుణించి 405తో భాగించడం, అంతే. ల్యాబు వాళ్ళు 1,800 రూపాయలకు ఇచ్చే ‘ఇన్సులిన్ రెసిస్టెన్స్’ అంకె ఇదే. మిగతావి దాని పక్కన పెట్టిన చట్నీలు.

లెక్క తప్పు కాదు. అది ఎందుకు పుట్టిందో అందుకు వాడితే చాలా మంచిది. వేయి మంది అంకెలు కలిపినప్పుడు ఒకరిది పైకి, ఒకరిది కిందికి పోయినా సగటు నిలబడుతుంది. ఈ రైలుకు రోజూ సగటున ఎంతమంది ఎక్కుతారు అనే లెక్క బోగీలు ఎన్ని వేయాలో చెప్పడానికి పనికొస్తుంది. రేపు మీకు బెర్తు దొరుకుతుందా అని దాన్ని అడిగితే ఏం చెబుతుంది?

ఒక మనిషి దగ్గర ఈ అంకె ఎందుకు తడబడుతుందో చూడండి. ఒకటి, ఇన్సులిన్ రక్తంలోకి ఒకే ధారగా రాదు, కొన్ని నిమిషాలకొకసారి ఎగసి తగ్గుతూ వస్తుంది. అందుకే పద్ధతిగా చేసే పరిశోధనల్లో ఐదేసి నిమిషాల తేడాతో మూడుసార్లు రక్తం తీసి సగటు వేస్తారు. శిబిరంలో ఒక్కసారే తీస్తారు. రెండు, ఇన్సులిన్ కొలిచే కిట్లు ఒక్కో కంపెనీవి ఒక్కో రకంగా చెబుతాయి. మూడు నెలల షుగర్ అని మనం అనే హెచ్‌బీఏ1సీకి ప్రపంచమంతా ఒకే కొలబద్ద ఉంది, ఇన్సులిన్‌కు అలాంటిది ఇంకా కుదరలేదు. మూడు, రక్తం తీసేటప్పుడో తీసుకుపోయేటప్పుడో ఎర్ర కణాలు చితికితే వాటిలోని పదార్థం ఇన్సులిన్‌ను తినేస్తుంది, అంకె తగ్గిపోతుంది. మార్చి ఎండలో స్కూటరు పెట్టెలో పోయే ట్యూబుల గతి ఏమిటో మీరే ఊహించుకోండి.

కాగితం మీద చూపిస్తాము. షుగర్ 95, ఇన్సులిన్ 10 అయితే హోమా 2.3. అదే షుగర్, ఇన్సులిన్ 14 అని వస్తే 3.3. మొదటి కాగితం వచ్చినవాళ్ళు స్వీటు పంచుతారు, రెండోది వచ్చినవాళ్ళు నిద్రపోరు. ఎంత దాటితే జబ్బు అనే గీత కూడా అందరూ ఒప్పుకున్నది ఒకటి లేదు. పైగా రెండు కాగితాలకూ డాక్టరు చెప్పే మాట ఒకటే: నడవండి, నడుము తగ్గించండి, అన్నం తగ్గించి కూర, పప్పు పెంచండి.

కమిటీలో ఒక తమ్ముడు అడిగాడు, ‘మీ అన్నకు అప్పుడు ఈ టెస్టు ఉండి ఉంటే దొరికేది కదా’ అని. ఈ ప్రశ్న మమ్మల్ని రెండు రాత్రులు పడుకోనివ్వలేదు. దీనికి జవాబు సన్నవాళ్ళ దగ్గర ఉంది.

పుణెలోని కేఈఎం ఆసుపత్రి డాక్టరు యాజ్ఞిక్, లండన్ డాక్టరు యుడ్కిన్ ఇద్దరూ కలిసి దిగిన ఒక ఫోటో 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఎత్తుకు తగిన బరువు లెక్క, అంటే బీఎంఐ, ఇద్దరిదీ 22.3. కానీ ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కు 21.2 శాతం. తూకం మిషను ఇద్దరినీ ఒకటే అంది. అంతకుముందు 1999లో అమెరికాలోని డల్లాస్‌లో అక్కడికి వలస పోయిన మన దేశపు మగవాళ్ళనూ తెల్లవాళ్ళనూ క్లాంప్‌తో పోల్చారు. కొవ్వు సమానంగా ఉన్నవాళ్ళలో కూడా మనవాళ్ళ ఒళ్ళే ఇన్సులిన్ మాట తక్కువగా విన్నది. క్లాంప్ కోసం చెయ్యి చాచి పడుకున్న ఆ కొద్దిమంది వల్లనే, మన దేశంలో బీఎంఐ 25 దాకా ఆగకుండా 23 దగ్గరే జాగ్రత్త పడాలి అనే మాటకు బలం వచ్చింది.

ఇంకొకటి ఉంది. చెన్నైవాళ్ళ మీద చేసి 2013లో అచ్చయిన ఒక పరిశోధన, మనవాళ్ళలో షుగర్ కొంచెం పెరగడం మొదలైనప్పుడే పాంక్రియాస్ శక్తి కూడా బాగా తగ్గి ఉంటుందని చూపింది. అంటే మనలో చాలామందికి జేబు మొదటినుంచీ చిన్నది. అలాంటివాళ్ళకు పరగడుపు ఇన్సులిన్ తక్కువే వస్తుంది. తక్కువ అంకెతో గుణిస్తే హోమా కూడా తక్కువే. కాగితం ‘నార్మల్’ అంటుంది! మా అన్నలాంటి సన్నటి మనిషి ఇంకో పరీక్ష పాసై ఇంటికి వచ్చేవాడేమో. ఆ మాట అనడానికే మాకు చెయ్యి వణుకుతోంది, కానీ జరగగలిగినదే.

ఇంత రాశాక కొలతలంటే మాకు చులకన అనుకోవద్దు. మన హాలులో ఎల్లాప్రగడ సుబ్బారావుగారి పటం ఉంది. ఏటా పూలదండ వేసి, మందులు కనిపెట్టిన మహానుభావుడు అని మాట్లాడతాము. భీమవరంలో పుట్టి, మన మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, హార్వర్డ్ పోయిన ఆయన పేరు మొదట ప్రపంచానికి తెలిసింది ఒక కొలత వల్ల. ఫిస్క్‌గారితో కలిసి 1925లో, ఒంట్లోని ఫాస్ఫరస్‌ను రంగును బట్టి కొలిచే పద్ధతి ఇచ్చారు. ఆ కొలత చేతిలో ఉండబట్టే కండల్లో శక్తిని దాచే ఫాస్ఫోక్రియాటిన్ వాళ్ళకు దొరికింది, తరువాత ఏటీపీ దొరికింది. ఈ రోజు పరిశోధకులు కండ కోయకుండా ఎమ్మార్ మిషనులో పెట్టి అదే ఫాస్ఫోక్రియాటిన్ ఎంత వేగంగా తిరిగి నిండుతుందో చూసి కండ శక్తిని అంచనా వేస్తారు. కొలత గొప్పదే. ఏ కొలత ఎక్కడ వాడాలో తెలియడం అంతకంటే గొప్ప. బంగారం తూచే త్రాసు మీద బియ్యం బస్తా పెట్టము కదా.

మరి మనకు ఏది కావాలి? దీనికి జవాబు మన చెన్నైలోనే ఉంది. డాక్టరు రామచంద్రన్‌గారి బృందం 531 మందిని తీసుకుని మూడేళ్ళ పరిశోధన చేసింది, 2006లో అచ్చు వేసింది. ఆ 531 మందినీ ఎంచుకున్నది ఇన్సులిన్ చూసి కాదు, గ్లూకోజు నీళ్ళు తాగించి రెండు గంటల తరువాత షుగర్ చూసి. మామూలు సలహాతో వదిలేసినవాళ్ళలో 55 శాతం మందికి మూడేళ్ళలో షుగర్ వచ్చింది. నడక, తిండి మార్చుకున్నవాళ్ళలో 39.3 శాతం. మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవాళ్ళలో 40.5 శాతం. రెండూ చేసినవాళ్ళలో 39.5 శాతం. నడక ఒక్కటే మాత్రతో సమానంగా నిలబడింది. వీళ్ళు తిన్నది మన ఇడ్లీ, మన అన్నమే.

చెన్నైలోనే డాక్టరు మోహన్‌గారి బృందం 2005లో నాలుగు ప్రశ్నల మార్కుల పట్టిక ఇచ్చింది. వయసు ఎంత, నడుము ఎంత, ఒంటికి పని ఉందా, అమ్మానాన్నలకు షుగర్ ఉందా. నూటికి 60, ఆపైన వస్తే ప్రమాదం ఎక్కువ. రక్తపు బొట్టు అక్కరలేదు.

అందుకని మా ముగ్గురి ప్రతిపాదన ఇది.

ఉగాది రోజు పొద్దున గుమ్మం దగ్గర రెండు టేపులు పెడదాం, ఆడవాళ్ళకు ఆడవాళ్ళే కొలుస్తారు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ కొలవాలి. ప్యాంటు బెల్టు కట్టే చోట కొలిస్తే పొట్ట పైకి తప్పించుకుంటుంది. మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 గీత. ఆ నాలుగు ప్రశ్నలూ మన పిల్లలే అడిగి రాస్తారు. 60 మార్కులు దాటినవాళ్ళు, ఇదివరకే షుగర్ లేనివాళ్ళు, రాత్రి ఉపవాసంతో వచ్చి ఉంటే, 75 గ్రాముల గ్లూకోజు కలిపిన నీళ్ళు తాగించి కూర్చోబెడదాం. రెండు గంటలు ఎలా గడుస్తాయి అంటారేమో. పంచాంగ శ్రవణం ఎందుకుంది? రాజు ఎవరో మంత్రి ఎవరో వింటూ ఉండగానే రెండు గంటలు అయిపోతాయి. అప్పుడు నర్సమ్మ రక్తం తీస్తుంది. 140 లోపల ఉంటే పచ్చడి తిని ఇంటికి పోవచ్చు. 140 నుంచి 199 అయితే జేబు తరుగుతోందని అర్థం, ఆ పేర్లు రాసుకుని నెలకొకసారి ఫోను చేయాలి. 200, ఆపైన అయితే వెంటనే డాక్టరు దగ్గరకు పంపాలి. తమిళనాడులో ఉన్నవాళ్ళకు ఇంటి దగ్గరకే మాత్రలు తెచ్చే ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకం 2021 నుంచి ఉంది, అందులో పేరు రాయించాలి.

మేము లెక్క వేశాము. టేపులు, గ్లూకోజు, నర్సమ్మకు, ల్యాబుకు అన్నీ కలిపి 20,000 దాటదు. మిగిలిన 1,15,000 రూపాయలు పిల్లల నిధిలోనే ఉంటాయి. ఆ నిధి ఎవరిదో గుర్తు చేసుకుందాం. మన తాతల నాడు గ్యాంగ్‌మెన్లు, మగ్గం మీద పనిచేసేవాళ్ళు జీతం రోజున ఐదు రూపాయలు, రెండు రూపాయలు వేసి పెట్టినది. దాన్ని ఒక గుణకారానికి ఖర్చు పెట్టమని వాళ్ళు అడగలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఇది మనకే చేదు. మూడేళ్ళ కింద ఒక మెడికల్ కాలేజీ వాళ్ళు మన వీధికి పరిశోధన కోసం వచ్చారు. తలుపులు వేసుకున్నాము. ‘మన రక్తం తీసుకుపోయి అమ్ముకుంటారు’ అని ఒకరు, ‘మేము ఎలుకలమా’ అని ఒకరు. డబ్బు కట్టి ల్యాబుకు రక్తం ఇవ్వడానికి సిద్ధం, ఊరికే పరిశోధనకు ఇవ్వడానికి భయం. ఇది సరైనదేనా? ఐసీఎంఆర్ వాళ్ళ సర్వే 2023లో చెప్పిన లెక్క ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్, ఇంకో 13.6 కోట్ల మంది దాని గుమ్మంలో ఉన్నారు. ఇది తెలిసింది ఎవరో తలుపు తీసి చెయ్యి చాచినందుకే కదా. ఆ 531 మంది తలుపు వేసుకుని ఉంటే నడక మాత్రకు సమానం అని మన డాక్టరు మనకు ఏ ధైర్యంతో చెప్పేవాడు?

గుడ్డిగా ఇవ్వమనడం లేదు. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా అని అడగండి. ఒప్పుకోలు కాగితం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. మనలాంటివాళ్ళకు ఇది పెద్ద చిక్కు. మా అమ్మ తెలుగు మాట్లాడేది కానీ చదవలేదు, తమిళం అర్థమయ్యేది కానీ చదవలేదు. అలాంటి ముసలమ్మకు కాగితం ఇచ్చి వేలిముద్ర వేయించుకుంటే చాలదు, ఇంటివాళ్ళ ముందు చదివి వినిపించమనండి. మధ్యలో వద్దనుకుంటే మానుకోవచ్చా, ఏమైనా జరిగితే వైద్యం ఎవరు చేయిస్తారు, ఫలితం మనకు చెబుతారా అని అడగండి. జవాబులు సరిగా ఉంటే చెయ్యి చాచండి. ఈ మాట షోలాపూర్, బరంపురం, బళ్ళారి, యానాంలో ఉండి ఇది చదివే మనవాళ్ళకు కూడా. మీ సంఘాల దగ్గరికి కూడా ఇలాంటి ప్యాకేజీలు వస్తాయి, పరిశోధకులూ వస్తారు. ఎవరిని కూర్చోబెట్టి కాఫీ ఇవ్వాలో ఆలోచించుకోండి.

అధ్యక్షులు అన్నగారికి, చెయ్యి ఎత్తిన ఎనిమిది మందికీ ఒక మనవి. మీరు మంచి మనసుతోనే ఎత్తారు. మాకు మీ మీద కోపం లేదు. వచ్చే నెల రెండో ఆదివారం సర్వసభ్య సమావేశంలో ఈ తీర్మానం మళ్ళీ పెట్టండి, మాకు పది నిమిషాలు ఇవ్వండి, ఆకులు వేయకముందు. ఆ రోజు మేము రెండు టేపులు తెస్తాము. ముందు మా ముగ్గురి నడుములే కొలవండి. ఒకరిది 97 అని ముందే చెప్పేస్తున్నాము, నవ్వవద్దు.

వదిన కూడా వస్తానంది. అన్న పాత మెడికల్ కాగితాలన్నీ ఆమె ఒక పసుపు సంచిలో దాచింది. అన్నీ పరగడుపు కాగితాలే. రెండు గంటల కాగితం ఒక్కటీ లేదు.